పాత రిసీవర్‌కు కొత్త టర్న్‌టేబుల్: నల్లగొండ నుంచి ప్రాజెక్టు డైరీ

ముందు ప్లేటు వెండి రంగులో ఉండే పాత సిల్వర్ ఫేస్ రిసీవర్ (రేడియో, యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉన్న సెట్టు) ఇంట్లో ఉండి, కొత్త టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కొని, రెండింటినీ కలపాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చేసిన కొలతలు, పనిచేయని ప్రయత్నాలు, ఖర్చు అన్నీ ఉన్నాయి. మీ సెట్టు వేరే కంపెనీదైనా వరుస మాత్రం ఇదే పాటించొచ్చు.

రిసీవర్ 1970ల చివర జపాన్‌లో తయారైంది, ఛానల్‌కు 15 వాట్లు. మా చిన్నాయన సౌదీలో పనిచేసి వచ్చేటప్పుడు తెచ్చిన సెట్టు. చాలా ఏళ్లుగా బీరువా మీద గుడ్డ కప్పి ఉంది. టర్న్‌టేబుల్ డైరెక్ట్ డ్రైవ్. వెనక ఫోనో, లైన్ అని మార్చుకునే స్విచ్, ఎర్త్ వైరు బిగించే స్క్రూ ఉన్నాయి. కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) ఆడియో టెక్నికా వీఎం95ఈ. పనిముట్లు: కెపాసిటెన్స్ కూడా చూపే డిజిటల్ మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, ఫోన్.

పెట్టుకున్న నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్క మార్పు, దానికి ముందొక కొలత, తర్వాతొక కొలత. టర్న్‌టేబుల్ ధర లెక్కలో కలపలేదు.

దశ 1: ప్లగ్గు పెట్టే ముందు

గడియారం సెంటర్ దగ్గర పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు, అందరూ కాకా అనే పిలుస్తారు. సెట్టు సంగతి చెప్పగానే ఆయన అన్న మొదటి మాట: "ముందుగాల వోల్టేజి మీట చూస్కో బిడ్డా. తర్వాతనే ప్లగ్గు పెట్టు."

గల్ఫ్ నుంచి వచ్చిన సెట్ల వెనక వోల్టేజి సెలెక్టర్ ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తిప్పేది. మాది 120 దగ్గర ఉంది. ఆ రోజుల్లో సౌదీలో చాలా ఇళ్లకు 127 వోల్టుల కరెంటే వచ్చేది కాబట్టి అక్కడ అది సరైనదే. మా ఇంట్లో మీటరు పగలు 228, రాత్రి వాడకం తగ్గాక 246 చూపింది. ఆ మీట మార్చకుండా ప్లగ్గు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. అంత పాత ట్రాన్స్‌ఫార్మర్‌కు మరొకటి దొరకడం చాలా కష్టం.

సెలెక్టర్ 240కి తిప్పాను. లోపల 2 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. వోల్టేజి రెట్టింపైతే తీసుకునే కరెంటు సగమవుతుంది, అందుకే 1 ఆంపియర్ ఫ్యూజు వేశాను. మీ సెట్టులో ఫ్యూజు పక్కన ఏ విలువ అచ్చు వేసి ఉందో అదే వేయండి.

తర్వాత సిరీస్ బల్బు బోర్డు. ఫేజ్ వైరుకు వరుసలో 100 వాట్ల పాత రకం బల్బు ఒకటి, అంతే. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు.

1. స్పీకర్లు, టర్న్‌టేబుల్ ఏవీ తగిలించకుండా రిసీవర్‌ను సిరీస్ బోర్డులో పెట్టి ఆన్ చేయాలి.
2. బల్బు ఒక్కసారి వెలిగి, కొన్ని సెకన్లలో మసకబారాలి. అలాగే వెలుగుతుంటే లోపల షార్టు ఉంది, వెంటనే ఆపాలి.
3. మసకబారితే పావుగంట వదిలేయాలి. వాసన, పొగ, ట్రాన్స్‌ఫార్మర్ వేడి గమనించాలి.
4. బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ మిల్లీవోల్టులు కొలవాలి.

నాకు ఎడమ 18, కుడి 31 వచ్చింది. 50 లోపు ఉంటే నిశ్చింత. 100 దాటితే మెకానిక్‌కు చూపించే వరకు స్పీకర్లు తగిలించొద్దు.

ఖర్చు: హోల్డరు, బోర్డు, బల్బు 160, ఫ్యూజులు 20. మొత్తం 180 రూపాయలు.

దశ 2: కాంటాక్టులు

ఎఫ్ఎం పెట్టి విన్నాను. వాల్యూమ్ తిప్పితే గరగర, ఎడమ స్పీకర్ వస్తూ పోతూ ఉంది. వాల్యూమ్ కంట్రోల్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టాక గరగర పోయింది కానీ ఎడమ స్పీకర్ సంగతి మారలేదు. బ్యాలెన్స్, బాస్, ట్రెబుల్ నాబ్‌లకూ కొట్టాను. అయినా అంతే.

కారణం టేప్ మానిటర్ స్విచ్, అంటే టేప్ రికార్డర్‌లోని పాట వినడానికి నొక్కే మీట. ఏ సాకెట్ నుంచి వచ్చిన పాటైనా ఈ స్విచ్ గుండానే పోవాలి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని స్విచ్‌లో కాంటాక్టు నల్లబడిపోతుంది. దాంట్లో స్ప్రే కొట్టి చాలాసేపు నొక్కుతూ వదులుతూ ఆడించాక ఎడమ స్పీకర్ నిలకడగా వచ్చింది. మీ సెట్టులో ఒక ఛానల్ రాకపోతే విప్పదీసే ముందు ఈ స్విచ్ చూడండి. అసలు రెండు వైపులా శబ్దమే లేకపోతే అది లోపలికి నొక్కి ఉందేమో చూడండి.

తుప్పు వదిలించే మామూలు స్ప్రే వాడొద్దు. నూనె మిగిలిపోయి దుమ్ము పట్టుకుంటుంది. మా దగ్గర ఎండాకాలం వీచే దుమ్ముకు అది ఇంకా త్వరగా పాడవుతుంది. వెనక ఎరుపు, తెలుపు పిన్నులు దూర్చే ఆర్‌సీఏ సాకెట్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో రుద్దితే నల్లటి పొర వచ్చింది.

ఖర్చు: స్ప్రే 380, ఆల్కహాల్ 150. మొత్తం 710.

దశ 3: ఏ సాకెట్లో పెట్టాలి

టర్న్‌టేబుల్ స్విచ్‌కు రెండు స్థానాలు, రిసీవర్‌కు ఫోనో (టర్న్‌టేబుల్ కోసం), ఆక్స్ (మిగతా పరికరాల కోసం) అని రెండు సాకెట్లు. ఎలా కలిపినా పిన్నులు దూరతాయి, అందుకే ఎక్కువమంది ఇక్కడే తికమకపడతారు.

రికార్డు మీద గాళ్లు కోసేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకపోతే గాళ్లు మరీ వెడల్పై రికార్డులో తక్కువ పాట పడుతుంది. వినేటప్పుడు దాన్ని తిరగేసి సరిచేయాలి. 1954 నుంచి దీనికి ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) ప్రమాణం ఉంది. టర్న్‌టేబుల్ స్విచ్ లైన్‌లో ఉంటే ఆ దిద్దుబాటు టర్న్‌టేబుల్ లోపలే జరుగుతుంది, రిసీవర్ ఫోనో సాకెట్లో పెడితే రిసీవర్‌లో జరుగుతుంది. అది ఒక్కసారే జరగాలి. ఒక్కసారి కూడా జరగకపోయినా, రెండుసార్లు జరిగినా పాట పాడవుతుంది. దానికి తోడు సిగ్నల్ బలం: ఈ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 4 మిల్లీవోల్టులు. రిసీవర్ ఫోనో సాకెట్‌కు కావాల్సింది 2.5 మిల్లీవోల్టులు, ఆక్స్‌కు 150.

నాలుగూ పెట్టి చూశాను, వాల్యూమ్ బాగా తగ్గించి, పోయినా పర్లేదనుకున్న చిన్న స్పీకర్లతో.

టర్న్‌టేబుల్ ఫోనో, రిసీవర్ ఆక్స్: వాల్యూమ్ చివరిదాకా తిప్పినా ఇయర్‌ఫోన్ దూరం నుంచి విన్నంతే. బాస్ లేదు.

టర్న్‌టేబుల్ లైన్, రిసీవర్ ఫోనో: నాబ్ కొంచెం కదిలిస్తేనే గొంతు చీలిపోయింది, బాస్ గదంతా నిండింది. దిద్దుబాటు రెండుసార్లు, బలం ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. ఇలా ఉంచితే స్పీకర్లు పోతాయి.

టర్న్‌టేబుల్ లైన్, రిసీవర్ ఆక్స్: శుభ్రంగా వచ్చింది, హమ్ (కరెంటు వల్ల వచ్చే గుమ్‌మనే శబ్దం) లేదు.

టర్న్‌టేబుల్ ఫోనో, రిసీవర్ ఫోనో: గొంతులో నిండుదనం బాగుంది. కానీ హమ్ ఉంది, ఎడమ వైపు బలహీనం.

పాటలు వింటే చాలనుకునేవాళ్లు మూడో పద్ధతితో ఇక్కడే ఆగిపోవచ్చు, అందులో తక్కువేమీ లేదు. నేను నాలుగోదాని వెంట పడటానికి కారణం, లైన్‌లో పెట్టినప్పుడు పాట మొదలయ్యే ముందు సుయ్‌మనే శబ్దం ఎక్కువగా వినిపించడం. పైగా ఈ రిసీవర్ చేసిన రోజుల్లో ఫోనో సాకెట్టే ప్రధానం. దానికోసం లోపల ప్రత్యేకంగా ఒక బోర్డు ఉంది. అది బాగుపడేదైతే బాగుచేసి వాడాలనిపించింది.

ఖర్చు లేదు. మొత్తం 710.

దశ 4: ఎడమ వైపు ఎందుకు తక్కువ

తప్పు ఎక్కడుందో తేల్చడానికి రిసీవర్ దగ్గర ఎరుపు, తెలుపు పిన్నులు అటుదిటు మార్చాను. లోపం కార్ట్రిడ్జ్‌లోనో కేబుల్‌లోనో ఉంటే బలహీనత కుడి స్పీకర్‌కు మారాలి. మారలేదు, ఎడమనే ఉంది. అంటే రిసీవర్ లోపలే.

పాట పెట్టి మీటరుతో కొలిస్తే అంకెలు నిలవవు. నిలకడైన శబ్దం కావాలి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఉంటుంది కానీ ఫోన్ ఇచ్చే వందల మిల్లీవోల్టులు ఫోనో సాకెట్‌కు చాలా ఎక్కువ. అందుకే చిన్న డివైడర్ కట్టాను:

1. ఫోన్ సిగ్నల్‌కు వరుసలో 47 కిలోఓమ్‌ల రెసిస్టర్.
2. దాని చివర నుంచి గ్రౌండ్‌కు 470 ఓమ్‌ల రెసిస్టర్.
3. ఆ రెండూ కలిసే చోటు నుంచి ఆర్‌సీఏ పిన్ను. వచ్చేది సుమారు వందో వంతు.
4. ఫోన్ వాల్యూమ్‌ను మీటరులో 300 మిల్లీవోల్టులు కనిపించేలా పెడితే, సాకెట్‌కు పోయేది దాదాపు 3.

కొలిచింది రిసీవర్ వెనక టేప్ రికార్డ్ సాకెట్ దగ్గర. అది వాల్యూమ్ కంట్రోల్‌కు ముందే ఉంటుంది, కాబట్టి నాబ్ ఎక్కడున్నా అంకె మారదు. ఇంకో మాట: చవక మీటర్లు ఏసీని కొన్ని వందల హెర్ట్జ్ దాకానే నమ్మకంగా చూపుతాయి. నాదాని మాన్యువల్‌లో 1 కిలోహెర్ట్జ్ వరకు అని ఉంది. అందుకే 10 కిలోహెర్ట్జ్ దగ్గర కొలవలేదు.

1 కిలోహెర్ట్జ్ దగ్గర: కుడి 176, ఎడమ 118 మిల్లీవోల్టులు.
100 హెర్ట్జ్ దగ్గర: కుడి 790, ఎడమ 310.

ఆర్ఐఏఏ లెక్క ప్రకారం 100 హెర్ట్జ్, 1 కిలోహెర్ట్జ్ కంటే 13.1 డెసిబెళ్లు ఎక్కువ రావాలి, అంటే నాలుగున్నర రెట్లు. కుడి వైపు సరిగ్గా అంతే వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ బోర్డు లెక్క తప్పలేదని చూసి చాలా సంతోషమేసింది. ఎడమ వైపు మాత్రం రెండున్నర రెట్ల దగ్గరే ఆగింది. మొత్తం తగ్గడమే కాదు, కిందికి పోయేకొద్దీ ఇంకా తగ్గుతోంది. ఇది ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లక్షణం.

మొదట ఇన్‌పుట్ దగ్గర సిగ్నల్‌ను లోపలికి పంపే కపులింగ్ కెపాసిటర్ మార్చాను. 118 కాస్తా 119 అయింది. అది కారణం కాదు. తర్వాత సర్వీస్ మాన్యువల్‌లో సర్క్యూట్ చూస్తూ, ఫీడ్‌బ్యాక్ దారిలో (బయటికొచ్చే సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చే దారి) గ్రౌండ్‌కు పోయే 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ మార్చాను. ఎడమ 174, 100 హెర్ట్జ్ దగ్గర 782. పని అయింది.

కుడి వైపు బాగానే ఉంది కదా అని వదిలేద్దామంటే కాకా ఒప్పుకోలేదు. "ఒక దిక్కు మార్చినవంటే రెండో దిక్కు గూడ మార్చాలె. అది గూడ అదే వయసుది." మార్చాను. కుడి 177, 796. ఇప్పుడు రెండు వైపులా తేడా చెవికి తెలియనంత.

మార్చేవాళ్లకు: ప్లగ్గు తీసి కాసేపు ఆగాక, పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ల మీద వోల్టేజి పోయిందో లేదో మీటరుతో చూసి, అప్పుడే చేయి పెట్టాలి. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజి అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు. నెగెటివ్ గీత ఎటుందో తీసే ముందే ఫోటో తీసుకోవాలి. పాత బోర్డు రాగి పట్టీలు వేడికి లేచిపోతాయి, ఐరన్ ఎక్కువసేపు ఆనించొద్దు.

విడిభాగాలు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో తీసుకున్నాను. వేరే పని మీద వెళ్లినప్పుడు కొన్నవి కాబట్టి బస్సు చార్జీ కలపలేదు.

ఖర్చు: రెసిస్టర్లు, పిన్నులు 70, కెపాసిటర్లు 60. మొత్తం 840.

దశ 5: హమ్

ముందు హమ్ ఏ రకమో తెలుసుకోవాలి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా వినిపిస్తే అది రిసీవర్ పవర్ సప్లైలోది, ఎక్కువగా 100 హెర్ట్జ్, ఫిల్టర్ కెపాసిటర్ల పని. వాల్యూమ్‌తో పాటు పెరిగితే ఫోనో వైపు నుంచి వస్తోంది, ఎక్కువగా 50 హెర్ట్జ్. నాది రెండో రకం.

కొలతలన్నీ టేప్ రికార్డ్ సాకెట్ దగ్గర, రికార్డు తిరగకుండా, ఆర్మ్ (ముల్లు బిగించిన చేయి) స్టాండు మీద ఉండగా.

ఎర్త్ వైరు లేకుండా: 9.2 మిల్లీవోల్టులు.
టర్న్‌టేబుల్ నుంచి రిసీవర్ జీఎన్‌డీ (గ్రౌండ్) స్క్రూకు వైరు బిగించాక: 2.1.
టర్న్‌టేబుల్ తీసేసి, ఫోనో సాకెట్లలో షార్టింగ్ పిన్నులు పెట్టినప్పుడు: 0.4.

మూడో అంకె ముఖ్యం. రిసీవర్ సొంత శబ్దం 0.4 మాత్రమే, మిగతాది బయటి నుంచి వస్తోంది. షార్టింగ్ పిన్ను అంటే సిగ్నల్, గ్రౌండ్ కలిపి అతికించిన మామూలు ఆర్‌సీఏ పిన్నే.

2.1ని తగ్గించడానికి మొదట అడాప్టర్‌ను కేబుల్‌కు దూరంగా జరిపాను. 1.9. పెద్ద తేడా లేదు. తర్వాత టర్న్‌టేబుల్‌ను రిసీవర్ కుడి నుంచి ఎడమకు మార్చాను. ఈ రిసీవర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ కుడి మూల ఉంది. ఆర్మ్ దానికి పక్కనే ఉన్నంతసేపూ కార్ట్రిడ్జ్‌లోని సన్నటి కాయిళ్లు దాని అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటాయి. మధ్యలో మూరెడు దూరం ఇవ్వగానే 0.9కి పడింది. పైసా ఖర్చు లేకుండా వచ్చిన లాభం ఇది. రిసీవర్ మీద టర్న్‌టేబుల్ పెట్టడమైతే అసలు వద్దు.

ఖర్చు: వైరు, లగ్గులు, షార్టింగ్ పిన్నులు 50. మొత్తం 890.

దశ 6: ఇంటి ఎర్త్

రిసీవర్ ముందు అల్యూమినియం ప్లేటు ముట్టుకుంటే వేలికి జివ్వుమంటోంది. రెండు పిన్నుల ప్లగ్గు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ లీకేజి పోవడానికి దారి లేదు. ఛాసీకి (సెట్టు లోహపు చట్రానికి), సాకెట్ ఎర్త్‌కు మధ్య 62 వోల్టులు. ప్లగ్గు తిరగేసి పెడితే 28. ఏ వైపు తక్కువ వస్తే ఆ వైపు ప్లగ్గు మీద పెయింటుతో గుర్తు పెట్టుకోండి.

మిగతా జివ్వుమనడం పోవడానికి జీఎన్‌డీ స్క్రూ నుంచి ఇంటి ఎర్త్‌కు వైరు ఇచ్చాను. తగ్గాల్సిన హమ్ 0.9 నుంచి 6.5కు ఎగబాకింది. అంటే ఎర్తే సరిగా లేదు. ఫ్రిజ్, మోటరు లీకేజి అంతా భూమిలోకి పోలేక ఆ వైరు గుండా రిసీవర్ మీదికి వస్తోంది. వైరు వెంటనే తీసేశాను.

ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూశాడు. ఎర్ర తీగ మాత్రమే కనిపించింది. ఇది ఆయన చేసే పరీక్ష, మీరు చేయొద్దు. మా వీధిలో కొంచెం తవ్వితే మొరం, దాని కింద రాయి. నల్లగొండ ఎర్రనేలల్లో చాలాచోట్ల ఇంతే, ఎండాకాలం వచ్చేసరికి ఎర్త్ గుంత పూర్తిగా ఎండిపోతుంది. పాత గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, నీళ్లు పోయడానికి పైపు ముక్క నిలబెట్టాం. ఇప్పుడు అదే బల్బు నిండుగా వెలుగుతోంది. వేసవిలో వారానికోసారి ఆ పైపులో బకెట్ నీళ్లు పోయాలి.

మళ్లీ వైరు ఇస్తే హమ్ 0.9 దగ్గరే ఉంది, జివ్వుమనడం పూర్తిగా పోయింది. ఇలా ఛాసీకి ఎర్త్ ఇవ్వడం ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్లకే. ట్రాన్స్‌ఫార్మర్ లేని పాత వాల్వు రేడియోల్లో ఛాసీ నేరుగా కరెంటుకు కలిసి ఉండొచ్చు, వాటి జోలికి పోవద్దు.

ఒక షరతు మిగిలింది. టర్న్‌టేబుల్ నుంచి యూఎస్‌బీ ద్వారా పాటలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేటప్పుడు, ఛార్జర్ పెట్టి ఉంటే హమ్ తిరిగొస్తుంది. ఎర్త్‌కు రెండు దారులు ఏర్పడి వలయం అవుతుంది. బ్యాటరీ మీద నడిపితే లేదు. అందుకోసం ఛార్జర్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టొద్దు.

ఖర్చు: గుంత, సామాను, కూలి 1,100, ఆకుపచ్చ వైరు 60. మొత్తం 2,050.

దశ 7: కేబుల్

టర్న్‌టేబుల్‌ను దూరం పెట్టాల్సి వచ్చాక 3 మీటర్ల కేబుల్ కొన్నాను, 250 రూపాయలు. పాట వచ్చింది కానీ గాయని "స", "ష" పలికిన చోటల్లా చెవిలో గుచ్చుకుంది. కేబుల్ విప్పి కెపాసిటెన్స్ కొలిస్తే 420 పికోఫారడ్‌లు. ఈ కార్ట్రిడ్జ్‌కు కంపెనీ చెప్పిన లోడు 100 నుంచి 200, అదీ కేబుల్, రిసీవర్ రెండూ కలిపి.

దీని కాయిల్ ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు. 420 పికోఫారడ్‌లతో కలిస్తే రెజొనెన్స్ (సిగ్నల్ తనంతట తానే ఎగిసే చోటు) 10.5 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది, సరిగ్గా "స" పదునుగా ఉండే ప్రాంతంలో. మీటరు పొడవున్న మంచి కేబుల్ 110 చూపింది. దానితో లెక్క 20 కిలోహెర్ట్జ్ దాటుతుంది. రిసీవర్ లోపలి కెపాసిటెన్స్ కలిస్తే కొంచెం కిందికి వస్తుంది, అయినా చెవికి గుచ్చుకునే చోటు నుంచి తప్పుకుంది. "స" మెత్తబడింది. హమ్ కూడా 0.9 నుంచి 0.6 అయింది.

దుకాణంలో బంగారు పూత, లావు చూసి కేబుల్ తీసుకోవద్దు. ఫోనోకు పొట్టి కేబుల్, తక్కువ పికోఫారడ్‌లు, ఇవి రెండే చూడాలి.

ఖర్చు: రెండు కేబుళ్లు కలిపి 900. మొత్తం 2,950.

దశ 8: బరువు, మట్టం, బండ

ఆర్మ్ డయల్ 2.0 మీద పెడితే చిన్న డిజిటల్ కాటాలో 2.3 గ్రాములు వచ్చింది. ఈ ముల్లుకు 1.8 నుంచి 2.2 వరకే ఉండాలి. కాటాను నమ్మి 2.0కి తెచ్చాను.

వేగం: ప్లాటర్ అంచున కాగితం ముక్క అంటించి, నూరు చుట్లకు ఎంతసేపు పడుతుందో చూడాలి. 33⅓ అయితే సరిగ్గా 180 సెకన్లు. నాది సరిపోయింది.

చెక్క టేబుల్ మీద ఉన్నప్పుడు గదిలో నడిస్తే ముల్లు ఎగిరేది, వాల్యూమ్ పెంచితే స్పీకర్ కోన్లు ఊగేవి. స్పంజు ముక్కలు కింద పెట్టినా ఊగడం ఆగలేదు. చివరకు గోడకు రెండు ఇనుప బ్రాకెట్లు కొట్టించి, పైన షాబాద్ బండ వేసి, మట్టం చూసి పెట్టాను. స్పీకర్లు నేల మీద, టర్న్‌టేబుల్ గోడకు. ఇప్పుడు పిల్లలు గంతులేసినా ముల్లు కదలదు.

రికార్డులు తుడవడానికి బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్ల చారలు మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్ వాడుతున్నాను.

ఖర్చు: కాటా 450, మట్టం 90, బండ, బ్రాకెట్లు 480, నీళ్లు 60. మొత్తం 4,030.

మిగిలిన పని

ఇంట్లో 78 వేగం లక్క రికార్డులు కొన్ని ఉన్నాయి. టర్న్‌టేబుల్‌లో 78 మీట ఉంది కదా అని ఇదే ముల్లుతో వేయకూడదు. ఎల్పీ ముల్లు ఆ వెడల్పు గాళ్లలో అడుగుకు జారి అటూఇటూ కొట్టుకుంటుంది. వాటికి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి, వీఎం95 వరుసలోనే దొరుకుతుంది. వాటిని ఆల్కహాల్‌తో తుడిస్తే లక్క కరిగిపోతుంది. ఫోనో సాకెట్‌లోని ఆర్ఐఏఏ దిద్దుబాటు కూడా 1954కు ముందటి రికార్డులకు సరిపోదు, కాబట్టి బాస్, ట్రెబుల్ నాబ్‌లతో ఒక్కో రికార్డుకూ సర్దుకుంటూ పోవాలి. ముందు పగుళ్లు లేనివి ఏరి పెడుతున్నాను. ఎన్ని మిగులుతాయో చూసి ముల్లు కొంటాను.